ఇంటిపేరు మొదటి అక్షరం

మా ఊరి విదేశీయుల ఆఫీసు రెండో అంతస్తులో ప్రతి తలుపు పక్కనా ఒక చిన్న పలక ఉంటుంది. పైన గది నంబరు, కింద అక్షరాలు. ఏ నుంచి డి వరకు ఒక గది, ఇ నుంచి హెచ్ వరకు ఇంకో గది, అలా కారిడార్ చివరిదాకా. మన ఇంటిపేరు ఏ అక్షరంతో మొదలవుతుందో, ఆ అక్షరం ఉన్న గదిలో కూర్చునే ఉద్యోగి మన ఫైలు చూస్తారు. జర్మనీలో చాలా ఊళ్ళలో ఇదే పద్ధతి. ఆఫీసు పేరు ఔస్‌లెండర్‌బెహోర్డె. నోరు తిరగక ఇక్కడి మనవాళ్ళు ఏబీహెచ్ అంటారు.

మా ఇంట్లో మేం ముగ్గురం. మా ఆయన ఇంటిపేరు కె అక్షరంతో మొదలవుతుంది, పాపదీ అదే. నాది వి. పెళ్ళయ్యాక పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోలేదు. మార్చుకోవాలని ఎవరూ అనలేదు, నాకూ తోచలేదు. మనలో చాలామంది ఆడవాళ్ళ పాస్‌పోర్టుల్లో పుట్టింటి ఇంటిపేరే ఉంటుంది. కొందరికి ఆ గడి ఖాళీగా ఉంటుంది. అలాంటప్పుడు ఇక్కడ అసలు పేరునే ఇంటిపేరుగా రాసేసుకుంటారు. సొంత అన్నాచెల్లెళ్ళు వేర్వేరు గదుల ముందు కూర్చోవడం నేను చూశాను.

2023 ఆగస్టు చివర్లో ముగ్గురి నివాస కార్డుల పొడిగింపు దరఖాస్తులూ ఒకే రోజు పంపాం. మా ఆయనది బ్లూ కార్డ్, అంటే చదువుకున్న విదేశీ నిపుణులకు ఇచ్చే ఉద్యోగ పర్మిట్. మా ఇద్దరివీ దాని మీద ఆధారపడిన కుటుంబ పర్మిట్లు. మూడు కార్డులకూ గడువు ఒకటే, నవంబరు 30. జీతం స్లిప్పులు, ఇంటి అద్దె కాగితం, ఆరోగ్య బీమా కాగితం, పెళ్ళి సర్టిఫికెట్ అనువాదం, అన్నీ ఒకే పీడీఎఫ్‌లో పెట్టాం. ఆయనకూ పాపకూ అక్టోబరు మొదటి వారంలో టెర్మిన్ వచ్చింది. అపాయింట్‌మెంట్‌ని ఇక్కడ టెర్మిన్ అంటారు. జర్మన్ ఒక్క ముక్క రాని మనవాళ్ళ నోటా ఈ మాట ముందు వస్తుంది. నవంబరు మధ్యకల్లా వాళ్ళిద్దరి కార్డులు చేతికొచ్చాయి. నాకు వచ్చింది ఒక ఆటోమేటిక్ జవాబు మాత్రమే. మీ మెయిల్ అందింది, పని ఒత్తిడి వల్ల ఆలస్యం కావచ్చు, దయచేసి మళ్ళీ మళ్ళీ అడగవద్దు అని అందులో ఉంది.

అడగవద్దన్నారు కదా అని నెల రోజులు అడగలేదు. తర్వాత అడిగితే మళ్ళీ అదే జవాబు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. ఒకరోజు పొద్దున్నే నేరుగా వెళ్ళాను. టెర్మిన్ కాగితం లేనిదే లోపలికి పంపనని గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన మర్యాదగానే చెప్పాడు. టెర్మిన్ కోసమే వచ్చానన్నాను. మెయిల్ పెట్టమన్నాడు.

ఇక్కడ ఒక చట్టం సంగతి చెప్పాలి, ఎందుకంటే నా బాధంతా అందులోనే ఉంది. జర్మనీ నివాస చట్టంలో సెక్షన్ 81 అని ఒకటుంది. కార్డు గడువు తీరకముందే పొడిగింపుకు దరఖాస్తు పెడితే, ఆఫీసు నిర్ణయం తీసుకునే దాకా పాత కార్డు చెల్లుతున్నట్టే లెక్క. ఉండొచ్చు, ఉద్యోగం చేయొచ్చు, ఊరెళ్ళి తిరిగి రావచ్చు. అదే సెక్షన్ ఐదో ఉపవిభాగం ఇంకో మాట కూడా అంటుంది. దరఖాస్తు వల్ల కలిగిన ఈ హక్కును తెలిపే పత్రం దరఖాస్తుదారుకు ఇవ్వాలని. ఇవ్వొచ్చు అని కాదు, ఇవ్వాలి అని. ఆ పత్రం పేరు ఫిక్షన్స్‌బెషైనిగుంగ్, మనవాళ్ళ భాషలో ఫిక్షన్ లెటర్. ఫీజు 13 యూరోలు.

అంటే డిసెంబరు 1న నేను చట్టప్రకారం నూటికి నూరుపాళ్ళు సక్రమంగా ఉన్న మనిషిని. కానీ ఆ మాట చెప్పే కాగితం నా చేతిలో లేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదంటారు కదా, సరిగ్గా అదే.

నేను ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ పని చేసేదాన్ని. ఉద్యోగి పర్మిట్ నకలు తమ దగ్గర పెట్టుకోవడం ఇక్కడ యజమాని బాధ్యత. చెల్లని కార్డు మీద పని చేయిస్తే జరిమానా పడుతుంది. మా హెచ్ఆర్ ఆవిడ రెండు వారాలు ఓపిక పట్టింది. సెక్షన్ 81 ప్రింట్ తీసి చూపించాను. చదివింది కూడా. "నువ్వు చెప్పేది నిజమే అయ్యుంటుంది, కానీ నా ఫైల్లో పెట్టుకోవడానికి ఆఫీసు ముద్ర ఉన్న ఒక్క కాగితం ఇవ్వు" అంది. డిసెంబరు 18 నుంచి జీతం లేని సెలవులో పెట్టారు. ఆవిడ మీద నాకు ఇప్పటికీ కోపం లేదు.

జీతం సంగతి అలా ఉంచండి. పాపకు బాసరలో అక్షరాభ్యాసం చేయించాలని అత్తయ్యగారు ఏడాది ముందే అనుకున్నారు. వాళ్ళది నిజామాబాద్, బాసర దగ్గరే. 2024లో వసంత పంచమి ఫిబ్రవరి 14న వచ్చింది. మూడు టికెట్లు జులైలోనే కొన్నాం. గడువు తీరిన కార్డుతో వెళ్తే తిరిగొచ్చేటప్పుడు హైదరాబాద్‌లో విమానం ఎక్కనివ్వరు. చట్టం ఒప్పుకున్నా, చెకిన్ కౌంటర్ దగ్గర ఉండే అబ్బాయికి సెక్షన్ 81 తెలియదు, తెలియాలని అనుకోవడం కూడా న్యాయం కాదు. నా టికెట్ రద్దు చేసుకున్నాం. వాళ్ళిద్దరే వెళ్ళారు.

ఆ రోజు ఇక్కడ తెల్లవారుజామున మూడింటి నుంచి ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. గోదావరి ఒడ్డున తీసిన ఒక ఫొటో వచ్చింది. కొత్త పట్టులంగా, మెడలో పసుపు దారం, ఒళ్ళో పలక. పలక మీద ఓం అని ఉంది. మా ఆయన పాప చెయ్యి పట్టుకుని రాయించారట. నేను ఉంటే నా చెయ్యి కూడా ఆ చేతి మీద ఉండేది. ఇది తిరిగి చేయించుకునే పని కాదు.

మర్నాడు లాయర్‌కి ఫోన్ చేశాను.

ఎందుకింత ఆలస్యం చేశావని అడిగిన వాళ్ళున్నారు. భయం వల్ల. "వాళ్ళతో గొడవ పెట్టుకోకు, ఫైలు అడుగున పడేస్తారు" అని ఇక్కడ పదేళ్ళుగా ఉంటున్న మనవాళ్ళే చెప్పారు. మనం ఊళ్ళో తహసీల్దారు ఆఫీసు మెట్ల మీద నేర్చుకున్న భయం ఇది. పాస్‌బుక్ కోసం మా నాన్న ఎన్నిసార్లు తిరిగారో నాకు గుర్తుంది. ఆయన ఏనాడూ గొంతు పెంచలేదు. "సార్, మీ దయ" అనేవారు. నేనూ నా మెయిళ్ళన్నిట్లో అదే రాశానని తర్వాత చూసుకుంటే తెలిసింది. నాలుగు మెయిళ్ళలో "మీకు వీలైతే" అని ఉంది. ఒక్కదాంట్లో కూడా సెక్షన్ నంబరు లేదు, గడువు లేదు.

లాయర్ రాసింది ఒకే ఒక పేజీ. దరఖాస్తు పెట్టిన తేదీ, కార్డు గడువు తేదీ, సెక్షన్ 81 ఐదో ఉపవిభాగం, రెండు వారాల గడువు. ఆలోగా జవాబు రాకపోతే పరిపాలనా కోర్టులో ఉన్టేటిగ్‌కైట్స్‌క్లాగె వేస్తామని చివరి వాక్యం. ఏమీ చేయకుండా ఊరుకున్న ఆఫీసు మీద వేసే దావా అది. తగిన కారణం లేకుండా మూడు నెలలు దాటినా నిర్ణయం చెప్పకపోతే వేయొచ్చు. ముందు కోర్టు ఫీజు కట్టాలి గానీ, తప్పు ఆఫీసుదని తేలితే ఖర్చు సాధారణంగా వాళ్ళ మీదే పడుతుంది. ఈ దారి ఉందని నాకు నాలుగేళ్ళుగా తెలియదు. ఉత్తరం వెళ్ళిన తొమ్మిదో రోజు టెర్మిన్ మెయిల్ వచ్చింది.

టి నుంచి జెడ్ వరకు ఉన్న గదిలో నాకంటే చిన్న వయసు అమ్మాయి కూర్చుని ఉంది. చాలా మర్యాదగా మాట్లాడింది. ఆలస్యానికి క్షమించమంది. ఆ గది అసలు ఉద్యోగి ఏడాది క్రితం రిటైరయ్యారని, ఆ కుర్చీలోకి ఇంకా ఎవరూ రాలేదని, ఆ అక్షరాలు కూడా తన మీదే వేశారని చెప్పింది. టేబుల్ పక్కన నేల మీద ఫైళ్ళ దొంతర మోకాలెత్తు ఉంది. ఆ అమ్మాయి చెప్పింది అబద్ధమని నేననుకోను. 2022లో యుక్రెయిన్ నుంచి పది లక్షలకు పైగా మనుషులు ఈ దేశానికి వచ్చారు, వాళ్ళందరి కాగితాలూ ఇలాంటి ఆఫీసులే చూశాయి. చట్టం దేశమంతటికీ ఒకటే అయినా దాన్ని అమలు చేసేది మునిసిపాలిటీలు, జిల్లాల చేతిలో ఉన్న 500కు పైగా ఆఫీసులు. బెర్లిన్ లాంటి చోట్ల రాష్ట్ర స్థాయి ఆఫీసు ఉంది. ఒక ఊళ్ళో ఖాళీ కుర్చీ ఉంటే ఆ ఊళ్ళో ఆ అక్షరం వాళ్ళంతా ఆగిపోతారు. పక్క ఊళ్ళో అదే దరఖాస్తు మూడు వారాల్లో అయిపోతుంది.

రిటైరైన ఆయన సంగతి కూడా చెప్పాలి. 2019లో నేను మొదటిసారి వచ్చినప్పుడు నా ఫైలు చూసింది ఆయనే. తలెత్తి చూడలేదు. నేను ఇంగ్లిష్‌లో మొదలుపెడితే, ఇక్కడ ఆఫీసు భాష జర్మన్ అని గట్టిగా అన్నారు. ఫొటో సైజు బాలేదని విసుక్కున్నారు. బయటికొచ్చి బస్‌స్టాప్‌లో ఏడ్చాను. కానీ నాలుగు వారాల్లో కార్డు వచ్చింది. ఆయనున్నంత కాలం ఆ అక్షరాల వాళ్ళకు ఒక్కరికీ గడువు దాటలేదని తర్వాత విన్నాను.

కాబట్టి మనం ఇద్దరు కలిసినప్పుడల్లా మాట్లాడుకునే మాట, "నీకు మంచి ఆఫీసర్ పడ్డాడా, చెడ్డవాడు పడ్డాడా" అన్నది, అసలు ప్రశ్నే తప్పని నాకు గట్టిగా అనిపిస్తోంది. విసుక్కున్న ఆయన నా పని చేశారు. క్షమించమన్న అమ్మాయి వల్ల నా పాప చెయ్యి పట్టుకోలేకపోయాను. ఇద్దరిలో ఎవరు మంచి? ఈ లెక్క వేస్తూ కూర్చుంటే పర్మిట్ అనేది లాటరీ టికెట్ అయిపోతుంది. కార్డు వస్తే అదృష్టం, రాకపోతే గ్రహచారం. హక్కు అన్న మాటే మన నోటికి రాదు.

మర్యాద అక్కర్లేదని నేననను. పాతికేళ్ళ కుర్రాళ్ళను గద్దించి మాట్లాడటం, "మీ దేశంలో ఇలాగే చేస్తారా" అనడం నేను నా చెవులతో విన్నాను. అది ఏ ఒత్తిడి కిందా క్షమించదగినది కాదు. ఆఫీసు భాష జర్మనే, అది నిజం, చట్టంలో ఉంది. కానీ దరఖాస్తుదారు తోడుగా ఒక మనిషిని తెచ్చుకోవచ్చని కూడా చట్టంలోనే ఉంది. ఆ తోడును జర్మన్‌లో బైష్టాండ్ అంటారు. ఇది మనవాళ్ళలో పదిమందిలో ఒకరికి కూడా తెలియదు, కౌంటర్ అవతల వాళ్ళు తమంతట తాము చెప్పరు. తెలియనివాళ్ళకు వివరం చెప్పడం ఆఫీసు బాధ్యతల్లో ఒకటని అదే పరిపాలనా చట్టం చెబుతున్నా సరే.

నేను అడిగేది ఒక్కటే, అది చాలా చిన్నది. దరఖాస్తు అందిన రోజే, ఏ ఉద్యోగి ఖాళీగా ఉన్నా లేకున్నా, ఆ ఫిక్షన్ లెటర్ చేతికి రావాలి. నిర్ణయానికి ఏడు నెలలు పట్టనివ్వండి. కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, అర్థం చేసుకుంటాను. కార్డు బెర్లిన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయంలో అచ్చయి రావడానికి ఎలాగూ వారాలు పడుతుంది. కానీ ఈ పత్రానికి నిర్ణయం అక్కర్లేదు. దరఖాస్తు ఏ రోజు వచ్చింది, పాత కార్డు గడువు ఏ రోజు, ఈ రెండు తేదీలు చాలు. కొన్ని నగరాల్లో ఆన్‌లైన్ దరఖాస్తు పెట్టగానే ఒక ధ్రువీకరణ వస్తోంది. అక్కడ అయ్యేది ఇక్కడ ఎందుకు కాదు?

2024 అక్టోబరులో మన ప్రధాని, జర్మనీ ఛాన్సలర్ ఢిల్లీలో కలిసినప్పుడు, భారతీయ నిపుణులకు ఏడాదికి ఇచ్చే వీసాలను 20,000 నుంచి 90,000కు పెంచుతున్నామని ప్రకటించారు. 2023-24 శీతాకాలం నాటికే ఇక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 49,000 దాటారు, విదేశీ విద్యార్థుల్లో మనదే అతిపెద్ద గుంపు. అందులో మన తెలుగు పిల్లలు ఎందరో మా ఊరి ఇండియన్ షాపులో శనివారం సాయంత్రం నిలబడితే చాలు, చెవికి తెలుస్తుంది. ఈ 90,000 మందీ వచ్చి ఆ పలకలున్న కారిడార్‌లోనే కూర్చోవాలి. రమ్మని పిలిచింది బెర్లిన్‌లో ప్రభుత్వం. కుర్చీ వేయాల్సింది మా ఊరి మునిసిపాలిటీ. ఈ రెండింటి మధ్య డబ్బు ఎవరివ్వాలన్న తగవులో ఇరుక్కునేది వి, డబ్ల్యూ, వై, జెడ్ వాళ్ళు.

లాయర్ ఉత్తరం గురించి ఇంకో మాట, అది చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదు. ఆ రోజు గది బయట నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు, సిరియా నుంచి వచ్చిన మనిషి. ఆయన అక్షరం డబ్ల్యూ. దరఖాస్తు పెట్టి పదకొండు నెలలైందట, ఇది మొదటి టెర్మిన్. నాకు ఎన్నాళ్ళు పట్టిందని అడిగాడు. ఆరు నెలలన్నాను. లాయర్ సంగతి చెప్పలేదు. 300 యూరోలు దాటిన ఆ ఫీజు నేను కట్టగలిగాను. నా ఫైలు ఆ దొంతరలోంచి పైకి వచ్చిందంటే ఎవరిదో కిందికి జరిగి ఉంటుంది, ఆ అమ్మాయికి ఉన్నవి రెండు చేతులే కదా. అందుకే "లాయర్‌ని పెట్టుకోండి, పని అయిపోతుంది" అని సలహా చెప్పి ఊరుకోవడం నాకిష్టం లేదు. అవసరమైతే పెట్టుకోండి, తప్పకుండా. కానీ ఆ దారి డబ్బు, భాష ఉన్నవాళ్ళది. అడగకుండానే అందరికీ వచ్చే కాగితం వల్ల ఎవరి ఫైలూ కిందికి జరగదు.

ఆ రాత్రి నాకు ఉస్మానియాలో నాతో చదివిన సూడాన్ అమ్మాయి గుర్తొచ్చింది. నెలకో రెండు నెలలకో ఒకరోజు క్లాసుకు వచ్చేది కాదు. ఎక్కడికెళ్ళావంటే "రిజిస్ట్రేషన్" అనేది. 180 రోజులకు మించిన వీసా మీద మన దేశానికి వచ్చిన విద్యార్థులు 14 రోజుల్లోపు విదేశీయుల రిజిస్ట్రేషన్ ఆఫీసులో నమోదు చేసుకోవాలని, ఆ తర్వాత ప్రతి పొడిగింపుకూ తిరగాలని నాకు అప్పుడు తెలియదు. 2018 నుంచి అదంతా ఆన్‌లైన్ అయిందంటారు. ఆ రోజుల్లో ఆమె ఏ లైన్లో నిలబడేదో, హిందీ గానీ తెలుగు గానీ రాకుండా ఎవరితో ఏం మాట్లాడేదో, మూడేళ్ళు ఒకే బెంచీలో కూర్చుని ఒక్కసారి కూడా అడగలేదు. తోడు వస్తానని అనలేదు. పొద్దున్నే నోట్సు ఇచ్చేదాన్ని, అంతే.

ఇప్పుడు తోడు వెళ్తున్నాను. మా ఊళ్ళో కొత్తగా వచ్చిన పిల్లలకు ఒక పేజీ ఉత్తరం నమూనా తయారుచేసి పెట్టాను. జర్మన్‌లో ఉంటుంది, కింద తెలుగులో ఏ వాక్యం ఏమిటో ఉంటుంది. అందులో దయచేసి అన్న మాట ఒక్కసారే ఉంది. తేదీలు, సెక్షన్, "ఈ తేదీలోగా" అన్న గడువు ఉన్నాయి. లాయర్ సంతకం లేకపోయినా చాలాసార్లు జవాబు వస్తోంది. రానప్పుడు నగర కౌన్సిల్లో మా వార్డు సభ్యురాలికి రాస్తున్నాం. ఇద్దరు ముగ్గురు జర్మన్ పొరుగువాళ్ళు కూడా సంతకాలు పెట్టారు. తమ ఊరి ఆఫీసులో ఇలా జరుగుతోందని వాళ్ళకు అసలు తెలియదట. వాళ్ళకు ఆ మెట్లెక్కే పని ఎప్పుడూ పడదు కదా.

మొన్న మంగళవారం నల్గొండ కుర్రాడితో వెళ్ళాను. చదువు అయిపోయింది, ఉద్యోగం వచ్చింది, ఒకటో తారీకున చేరాలి, కార్డు గడువు ముందు నెలలోనే తీరిపోయింది. అబ్బాయి చేతులు చల్లబడిపోయాయి. "అక్కా, నేను మాట్లాడనా, నువ్వు మాట్లాడతావా" అని మూడుసార్లు అడిగాడు. నువ్వే మాట్లాడు, నేను పక్కనుంటాను అన్నాను. లోపల అదే అమ్మాయి. మా ఉత్తరం ఆమె ముందు ప్రింట్ తీసి ఉంది, సెక్షన్ నంబరు కింద ఎవరో గీత గీశారు. తల ఊపింది. కారిడార్‌లోని యంత్రంలో 13 యూరోలు కట్టి రసీదు తెమ్మంది. తెచ్చాం. రెండు తేదీలు టైపు చేసింది, మూడో గడిలో టిక్కు పెట్టింది, ప్రింట్ తీసి ముద్ర వేసింది.

గోడ గడియారం చూస్తూనే ఉన్నాను. నాలుగు నిమిషాలు పట్టింది.